చర్చా పేజీలో మేమిద్దరం

మా ఆవిడ పోయి నెల దాటింది. మదనపల్లెలో మా ఇంట్లోనే, పొద్దున కాఫీ వేళకు పోయింది. ఈ కబురు అందాల్సినవాళ్లలో సగం మంది ఆమె ముఖం ఎప్పుడూ చూడలేదు. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. జీతం లేకుండా దానికి రాసేవాళ్లు, దిద్దేవాళ్లు వాళ్లు. పదేళ్లు ఆమె వాళ్లలో ఒకరు.

ఆమె రాసింది తక్కువ. దిద్దింది ఎక్కువ, పలకరించింది ఇంకా ఎక్కువ. పాలు కాచి ల్యాప్‌టాప్ తెరిచి, ముందు కొత్తగా చేరినవాళ్లకు స్వాగతం చెప్పేది. రాసినాక నీళ్లు తాగి వచ్చి, మళ్లీ చదివి పంపమనేది. తను రాసింది ఎవరైనా తీసేస్తే ముందు థ్యాంక్స్ చెప్పి, తర్వాత కారణం అడిగేది. కుప్పంలో కూరగాయల వ్యాపారం చేసే ఒకాయన ఆమెను అక్కా అనేవాడు. టమోటా వ్యాసం మీద ఇద్దరూ వారం వాదించుకుని, చివరికి ఊరగాయలో ఉప్పెంత వేయాలన్న దగ్గర తేలారు.

కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక నేనూ చేరాను. మొదట మా నాయన గురించి రాశాను. పుంగనూరు పక్క పల్లెలో పశువులకు మందిచ్చేవాడాయన. చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని ఆవు లేదు. మూడో రోజుకు పేజీ పైన హెచ్చరిక కనిపించింది. ఆధారాలు లేవు, తొలగించాలేమో చర్చించండి అని. పెట్టింది మా ఆవిడ.

వంటింట్లోకి పోయి అడిగాను. ఆమె దోసె తిప్పుతోంది.

"ఈడ చెప్తే మిగతావాళ్లకి ఎట్ల తెలుస్తాది? ఆడ రాయండి," అంది.

ప్రతి వ్యాసానికీ వెనక ఒక చర్చా పేజీ ఉంటుంది. అక్కడ రాశాను, కోపంగానే. ఆమె జవాబు ఇది: "నమస్కారం సార్. ఈయన నాకు మామగారు, కాబట్టి నిర్ణయం వేరేవాళ్లు చెప్పాలి. అచ్చయిన ఆధారం ఒక్కటి చూపించండి." జీవితంలో ఆమె నన్ను సార్ అన్నది అక్కడే.

అలా ఏడాది నడిచింది. ఇంట్లో ఆ ఊసే లేదు. ఊరంతా సాక్ష్యం చెబుతుందని నేను రాస్తే, మనిషి మాట చాలదు, కాగితం కావాలని ఆమె రాసేది. కుప్పం ఆయన మధ్యలో దూరాడొకసారి. "అక్కా, సార్‌కి అన్నమన్నా పెడతాండావా?"

"పెడతాండానప్పా. ఆధారం మాత్రం ఆయనే తెచ్చుకోవాల."

నిజానికి ఎక్కువ తిరిగింది ఆమె. బస్సెక్కి పుంగనూరు పోయి పాత సావనీర్లు, బడి పత్రికలు వెతికింది. ఏమీ దొరకలేదు. ఆధారం చూపడానికి ఇచ్చిన గడువు ముగిసినప్పుడల్లా ఇంకో నెల అడిగింది. ఆ సంగతి నాతో అనలేదు, అక్కడే చదివాను. లెక్కల క్లాసులో నేను ఎంతమందినో నిరూపించమని అడిగాను. నన్ను అడిగింది ఆమె ఒక్కతే.

పోయిన వారం ఆఖరి గడువు ముగిసింది. వ్యాసం తీసేస్తే దాని చర్చా పేజీ కూడా పోతుంది. కుప్పం ఆయన ఫోన్ చేశాడు.

"అక్క మీకు రాసిందంతా దాంట్లోనే ఉండాది సార్. ఉండనీండి, ఎవురూ అడగరు."

"ఇంకొకరి నాయన పేజీ అయితే?"

"తీసేస్తాండాం సార్, రోజూ," అన్నాడు. పోనీ కాపీ అయినా చేసి పెట్టుకోమన్నాడు. చేయలేదు. అందరి ముందూ ఆడిన మాటలవి. దాచుకుంటే వేరేవి అవుతాయి.

రెండు రోజులు చదివాను. ఆమె చివరి వాక్యం: "సార్‌కు ఇంకో నెల ఇవ్వండి. వెతుకుతున్నారు." దాని కింద రాశాను: "ఆధారం దొరకలేదు. తొలగించండి."

సాయంత్రానికి పేజీ లేదు. మా పల్లె మీదున్న వ్యాసంలో నాయన పేరు నీలం నుంచి ఎరుపుకు మారింది. పేజీ లేని పేర్లు అక్కడ అలా ఎర్రగా కనిపిస్తాయి. నొక్కాను. తెల్లటి ఖాళీ తెరుచుకుంది. పైన ఒకే వరుస: ఈ పేరుతో వ్యాసం ఇంకా లేదు, మీరు మొదలుపెట్టవచ్చు.