తెల్ల మెట్ల విద్వాంసుడు

ఆ రోజుల్లో కీబోర్డు భుజాన వేసుకుని నడిచే ప్రతివాడికీ సంగీతం వచ్చని జనం నమ్మేవారు. నేనూ నమ్మేవాడిని, అదే చిత్రం. ఇరవై రెండేళ్ల వయసు, మెడ మీదికి దిగిన జుట్టు, నల్లటి సంచిలో బారెడు కీబోర్డు. మిర్యాలగూడ బస్టాండులో ఆ సంచితో నిలబడితే కండక్టర్లు కూడా "జర పైలంగ పెట్టు తమ్మీ" అని ముందు సీటు చూపించేవారు. ఆ మర్యాదకు తగ్గ విద్య నాలో ఎంతుందని ఎవరూ ఆరా తీయలేదు. ఇప్పుడు చెప్పుకున్నా కొంపలేమీ మునగవు కనుక చెబుతున్నాను. నాకు వచ్చింది ఒక్కటే శ్రుతి, సి స్కేలు. అంటే కీబోర్డు మీద తెల్ల మెట్లు మాత్రమే. నల్ల మెట్లు అందం కోసం పెట్టారని నా అభిప్రాయం.

ఒక్క శ్రుతితో ఆర్కెస్ట్రాలో రెండేళ్లు ఎలా నెట్టుకొచ్చావని మీరు అడగొచ్చు. దానికి ఉపాయం కీబోర్డు చేసినవాళ్లే పెట్టారు. ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుంది. పాడేవాళ్ల గొంతును బట్టి శ్రుతి మారుతుంది కదా, నిజంగా నేర్చుకున్నవాడు దానికి తగ్గట్టు వేళ్లు మార్చుకుంటాడు. నేను బటన్ నొక్కుకునేవాడిని. నాలుగుసార్లు నొక్కితే వేళ్లు మామూలుగా తెల్ల మెట్ల మీదే తిరుగుతుంటాయి, శబ్దం మాత్రం నాలుగు మెట్లు పైనుంచి వస్తుంది. వినేవాళ్లకు నేను మహా విద్వాంసుణ్ణి. (పాటకూ పాటకూ మధ్య నేను కళ్లు మూసుకుని బటన్ మీద వేలుంచేవాడిని. చూసినవాళ్లు దైవ ప్రార్థన అనుకునేవారట.)

మా ఆర్కెస్ట్రాకు యజమాని, డ్రమ్ ప్యాడ్లు వాయించే మనిషి ఒకరే. కోదాడ ఆయన. మేమంతా మాస్టారు అనేవాళ్లం. పాడేది అక్క. సొంత అక్క కాదు, త్రిపురారం దగ్గర పల్లె నుంచి వచ్చి మాతో పాడే అక్క. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆమె గొంతుకు సరిపడే శ్రుతి నా సి కంటే సరిగ్గా నాలుగు మెట్లు పైన. అందుకే పైన నాలుగుసార్లు అన్నాను. మేం పాడేదంతా పెళ్లిళ్లలో, రిసెప్షన్లలో. జనం బిర్యానీ తింటూ ఉంటారు, మేం పాడుతూ ఉంటాం, ఒకరి పనికి ఒకరు అడ్డు రాం.

అక్కకు ఒక్కటే వెలితి ఉండేది. ఆమె పాడగా వాళ్లమ్మ ఒక్కసారి కూడా వినలేదు. ఎన్నిసార్లు రమ్మన్నా ఆ తల్లి "పిలువని పెండ్లికి నేనెట్లొస్త బిడ్డా" అనేదట. మాట నిజమే. ఆర్కెస్ట్రా వాళ్లకు పిలుపు ఉంటుంది గానీ ఆర్కెస్ట్రా వాళ్లమ్మలకు ఉండదు. ఫోనులో వీడియో చూపిస్తే అందులో పాట కంటే గిన్నెల చప్పుడు ఎక్కువ. "ఊళ్ల ఆడోళ్లు నీ బిడ్డ ఏం పాడుతదని అడుగుతరు, నాకేం తెలుసని చెప్పాలె" అని ఆమె ఒకసారి అందని అక్క నాతో చెప్పింది. చెప్పి నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

అలాంటి సమయంలో సూర్యాపేటలో చెరువు కట్ట మీద పండుగ పెట్టారు. సాయంత్రం పూట నీళ్ల పక్కన స్టేజీ, పాటలు, ఆటలు. టికెట్ లేదు, పిలుపు లేదు, ఎవరైనా వచ్చి కట్ట మెట్ల మీద కూర్చుని వినొచ్చు. మాస్టారు ఈ సంగతి చెప్పగానే అక్క మొదట అడిగిన మాట "మా అమ్మ కూడ రావొచ్చా?" అని. చివరి పాటగా వాళ్లమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాటే పెడతానంది. వారం రోజులు సాధన చేశాం. మధ్యలో కీబోర్డు మీద వచ్చే వేణువు బిట్టు నాది. నేను దానికి కొన్ని గమకాలు కూడా తగిలించాను. (తెల్ల మెట్ల మీద ఎన్ని పడతాయో అన్నే.)

పండుగ రోజు బస్సు సూర్యాపేటలో దిగాక సంచి తెరిచి చూసుకుంటే కరెంటు అడాప్టర్ లేదు. మిర్యాలగూడలో మా గది గోడకు అలాగే వేలాడుతూ ఉండిపోయింది. స్టేజీ దగ్గర సౌండు వాళ్లవి ఏవీ దీనికి సరిపోలేదు. కీబోర్డు బ్యాటరీల మీద కూడా నడుస్తుంది, లావుపాటివి ఆరు కావాలి. దుకాణంలో ఐదే ఉన్నాయి. నా కళ్లు బల్ల మీదున్న టార్చిలైటు మీద పడ్డాయి.

"అన్నా, గా టార్చిల ఉన్నది ఇయ్యరాదు."

"అది ఎప్పటిదో నాకే యాదికి లేదు. ఆగమైతవ్ సూస్కో" అన్నాడు దుకాణం అన్న.

పెద్దల మాట వినే వయసు కాదు నాది. ఐదు కొత్తవి, ఒకటి ముసలిది వేసుకుని స్టేజీ ఎక్కాను.

చెరువు మీద పొద్దు వాలుతోంది. మెట్ల నిండా జనం. ముందు వరసలో చివ్వెంల వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ల పక్కన అక్క వాళ్లమ్మ కూర్చుంది. ఒళ్లో సంచి, రెండు చేతులూ సంచి మీద. ఏడు గంటల బస్సుకు తిరిగి వెళ్లాలి. మొదటి నాలుగు పాటలూ బ్రహ్మాండంగా సాగాయి. జనం ఈలలు వేశారు. ఆ తల్లి మాత్రం పక్కింటి పేరంటానికి వచ్చినట్టు మర్యాదగా కూర్చుని ఉంది. ఆ ఈలలతో మాస్టారికి హుషారెక్కి మైకు అందుకున్నారు. "మా కీబోర్డు ప్లేయరు, చూడ్డానికి చిన్నవాడే గానీ పన్నెండు శ్రుతులూ కొట్టిన పిండండీ ఇతనికి." నేను లేచి వినయంగా దండం పెట్టాను. ఆ దండం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

చివరికి అక్క ఆ పాట దగ్గరికి వచ్చింది. "ఇది మా అమ్మ పాట. ఇయ్యాల మా అమ్మ గీడనే ఉన్నది" అని మొదలుపెట్టింది. మొదటి చరణం అయింది. నా వేణువు వంతు వచ్చింది. సగం బిట్టులో కీబోర్డు కన్ను మూసింది. ముసలి బ్యాటరీ తన పని తాను చేసింది. ఆపి, మళ్లీ నొక్కితే ప్రాణం వచ్చింది. ఆ సంతోషంలో ఒక సంగతి మరిచాను. ఆగి మొదలైతే ఈ పెట్టె అన్నీ మరిచిపోతుంది. నేను నొక్కిన నాలుగు నొక్కులూ మాయమైపోయాయి. నేను బహు ధీమాగా నా సి లో వాయించాను, అక్క నాలుగు మెట్ల పైన తన శ్రుతిలో అందుకుంది. ఇద్దరు మనుషులు ఒకే గుమ్మంలో ఒకేసారి దూరబోయినట్టయింది.

జనంలో ఎవరో నవ్వారు. బటన్ కోసం తడిమాను. సాయంత్రపు ఎండ వెనక నీళ్ల మీద పడి నేరుగా కీబోర్డు తెర మీదికి కొడుతోంది, అంకెలు కనపడవు. గుడ్డిగా నొక్కితే కుక్క మొరిగింది. (అలాంటి శబ్దాలు ఎందుకు పెడతారో నాకిప్పటికీ తెలియదు.) ఇంకోటి నొక్కితే కంపెనీ వాళ్లు నమూనా కోసం పెట్టిన విదేశీ పాట డబడబమని దానంతటదే మొదలైంది. నేను చేతులు పైకెత్తినా అది అద్భుతంగా వాయిస్తూనే ఉంది. పన్నెండు శ్రుతులూ దానికి వచ్చునేమో. పిల్లలు చప్పట్లు కొట్టి గంతులేశారు. మాస్టారు ప్యాడ్ల వెనక నుంచి "ఏంటయ్యా ఇది, ఏం చేస్తున్నావు" అంటున్నారు. నేను అవేవీ పట్టించుకునే స్థితిలో లేను. నాకు కనిపిస్తున్నది ముందు వరసలో ఆ తల్లి మొహం ఒక్కటే. ఆమె నవ్వడం లేదు. పక్కవాళ్లు నవ్వుతుంటే సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కూతురు పాడేది ఒక్కసారి విందామని ఇన్ని మైళ్లు వచ్చిన మనిషికి నేను వినిపించింది ఇది. స్టేజీ వెనకే చెరువుంది, దూకుదామా అన్నంత సిగ్గు వేసింది.

ఎలాగో ఆ పాట నోరు మూయించాను. అక్క మైకు పక్కకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"బటన్ ఇడిసిపెట్టు తమ్మీ. నీకు వచ్చిన కాడనే పట్టు. నేనే కిందికి దిగుత."

"అక్కా, అది నీ శ్రుతి కాదు..."

"నీకు వచ్చింది గదొక్కటే కదా. నీ నల్ల మెట్ల మీద దుమ్ము రెండేండ్ల సంది సూస్తనే ఉన్న. ఇగ వాయించు, అమ్మ బస్సు పోతది."

వాయించాను. గమకాల్లేవు, వేణువు బిట్టు లేదు. శ్రుతి ఒక్కటి పట్టుకుని కూర్చున్నాను. అక్క నాలుగు మెట్లు దిగి పాడింది. పైకి ఎగిరే గొంతు కాదది, వంగి పనిచేస్తూ పాడే గొంతు. మాస్టారు కూడా ప్యాడ్ల మీద కర్రలు పక్కన పెట్టి వేళ్లతో మెల్లగా తట్టారు. ఒక పాదం అయ్యేసరికి మెట్ల మీదినుంచి జవాబు వచ్చింది. నాట్ల పాట అంటే ఒకరు అంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ఇంతసేపూ మేం పాడిన ఎత్తులో ఎవరూ అందుకోలేకపోయారు. ఇప్పుడు పాట వాళ్ల గొంతు దగ్గరికి వచ్చింది. ముందు అందుకున్నది ఆ తల్లే. సంచి పక్కన పెట్టేసింది. తరువాత చివ్వెంల ఆడవాళ్లు కలిశారు, ఆ వెనక ఎవరెవరో. అక్క గొంతు ఒక్కచోట వణికింది, వాళ్లే మోసుకుపోయారు. నాకు ఏడుపు వచ్చింది. చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు.

పాట అయ్యాక ఆ తల్లి స్టేజీ పక్కకు వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "మిగిలినయన్ని టీవీల పాడినట్టున్నయి బిడ్డా. గదొక్కటే నువ్వు పాడినట్టున్నది" అంది. నా వైపు తిరిగి, "నువ్వు మంచిగ వాయించినవ్ కొడకా" అని బస్సుకు వెళ్లిపోయింది. నా జీవితంలో అంత అన్యాయమైన మెప్పు మళ్లీ దొరకలేదు.

మాస్టారు మర్నాడు ఒక ప్లాస్టర్ ముక్క తెచ్చి ఆ బటన్ మీద అతికించారు. "పన్నెండని మైకులో చెప్పేశానయ్యా. మిగతా పదకొండూ నేర్చుకో, నా మాట పోకుండా" అన్నారు, అంతే. కోదాడలో ఒక హార్మోనియం పెద్దాయన దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టింది. నల్ల మెట్ల మీద దుమ్ము పోయింది, నా వేళ్ల చర్మం కూడా కొంత పోయింది. ఇప్పుడు నేనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వాళ్ల కీబోర్డులకు ప్లాస్టర్లు వేస్తాను, వాళ్లు నన్ను తిట్టుకుంటారు.

మొన్న అక్క వీడియో కాల్ చేసింది. పక్కన వాళ్లమ్మ. పెద్దావిడ ఇప్పుడు పొలానికి పోవడం లేదట, మోకాళ్ల నొప్పులు. "నీ కీబోర్డు పిలగాడు ఫోన్ల ఉన్నడు, ఏం వాయించమంటవే" అని అక్క అడిగితే ఆ పాటే అంది. నేను కుర్చీ జరుపుకుని, బటన్ జోలికి పోకుండా, అక్క అసలు శ్రుతిలో, నల్ల మెట్లూ తెల్ల మెట్లూ కలిపి, వేణువు బిట్టు గమకాలతో సహా వాయించాను. మూడేళ్ల చదువంతా అందులో పెట్టాను. అయిపోయాక ఫోను వైపు చూశాను.

"మంచిగనే ఉన్నది కొడకా" అంది పెద్దావిడ. "కానీ గట్ల కాదు. ఆ పొద్దు చెరువు కట్ట మీద వాయించినవ్ సూడు, గట్ల వాయించు. నేను గూడ అంటా."

నేను నవ్వుకుని, చేతులు రెండూ తెల్ల మెట్ల మీదికి జరుపుకున్నాను.