గాలికి మోగిన గంట

మొన్న గాలివానకు సూర్యాపేటలో కరెంటు పోయి, వెంటే టవరూ పోయి, మా కోడలు సెల్లు పట్టుకుని సిగ్నల్ కోసం మేడ ఎక్కి దిగుతుంటే, నా చెవి మాత్రం టింగుమనే ఒక్క గంట కోసం కాచుకుని కూర్చుంది.

ఎనభైలలో కోదాడ కాలువల ఆఫీసులో నేను వైర్‌లెస్ ఆపరేటర్‌ని. పిడుగులు పడుతున్నా నా సెట్టు ఢిల్లీ దాకా పలికేదని ఇన్నేళ్లూ కోతలు కోశాను గానీ, నిజానికి మిర్యాలగూడ దాటితే గురగురే. మా అక్క భర్త కోదాడలోనే టెలిఫోన్ లైన్‌మన్. కాలువ కట్ట వెంబడి స్తంభాల మీద సాగే తీగ ఆయనది. గాలికి తీగలు తగులుకుని నా బల్ల మీది ఫోను ఉత్తినే టింగుమంటే నేను నవ్వేవాణ్ణి, బావ ఊరుకునేవాడు కాదు. "ఏం బామ్మర్దీ, కరెంటు పోతే నీ డబ్బాకు లారీ బ్యాటరీ గావాలె. నా తీగకు నేనొక్కన్ని సాలు" అనేవాడు. తెగిన తీగ అతికించాక స్తంభం మీదినుంచే, లైను పరీక్షకు వాడే చేతిఫోను తీగకు తగిలించి ఒక్క గంట కొట్టి, "ఇనవడ్తుందా?" అని అడగడం ఆయన అలవాటు.

ఒక తుఫాను సాయంత్రం లైను చచ్చిపోతే బావ నడిగూడెం వైపు కట్ట మీదికి పోయాడు. కాసేపటికే నా సెట్టులో మిర్యాలగూడ పలికింది: పైనుంచి నీళ్లు ఎక్కువగా వస్తున్నాయి, కట్ట ఆగదు, మనుషుల్ని దింపేయండి. అంత దూరంతో మాట్లాడగలిగిన నేను, స్తంభం మీదున్న ఒక్క మనిషితో మాట్లాడలేకపోయాను. ఆయన దగ్గర ఉన్నదల్లా ఆ తెగిన తీగే. జీపు పంపించి నిలబడ్డానో లేదో, బల్ల మీది ఫోను టింగుమంది. ఎత్తి, "బావా, దిగు! కట్ట తెగుతుంది!" అని అరిచాను.

ఆ రాత్రే కట్ట తెగింది. మర్నాడు బావ కాలువ దిగువన దొరికాడు. స్తంభం నిలిచే ఉంది, చేతిఫోను తీగకు వేలాడుతూనే ఉంది.

"సరే బామ్మర్దీ, దిగుతున్న" అన్నాడని అక్కకు చెప్పాను. ఏటేటా దానికి ఒక ముక్క చేర్చాను: నవ్వాడని, పిల్లలు తిన్నారా అని అడిగాడని. మీరు నా ఈడువాళ్లు గనక చెబుతున్నాను, ఆ ఫోనులో హోరు తప్ప ఏమీ వినబడలేదు. గంట కొట్టింది బావో గాలో నాకీనాటికీ తెలియదు.

మొన్న చీకట్లో పక్క గదిలోంచి అక్క మళ్లీ అడిగింది. "తమ్మీ, మీ బావ ఆఖరికి ఏమన్నడురా?"

"దిగుతున్న అన్నడక్కా."

ఇప్పటి ఫోన్లు గాలికి మోగవు. సిగ్నల్ లేదంటే లేదంతే, అనుమానానికి చోటుండదు. ఆ అనుమానంలోనే కదా, మా బావ ఇంకా స్తంభం దిగుతూ ఉన్నాడు.