చింపని కాగితం

మొన్న బరంపురం పోస్టాఫీసులో ఎవరో పార్సిలు మీద లక్క కరిగించి ముద్ర వేస్తున్నారు. ఆ కాలిన తీపి వాసన తగలగానే స్టాంపుల సంగతి మరిచి అలాగే నిలబడిపోయాను. వెనకాయన "జరగండమ్మా" అనేదాకా నేనున్నది పాత కోర్టు రికార్డు గదిలోనే. ఆ గదికి పెద్ద కామేశం గారు. ఒడియా వాళ్లూ తెలుగు వాళ్లూ ఆయన్ని బొడొబాబు, అంటే పెద్ద గుమాస్తా గారు, అనే పిలిచేవారు. ఆయన కళ్లజోడుకు ఒక పక్క కాడ ఉండేది, రెండో పక్క నల్లదారం. ఇరవై నాలుగేళ్ల వయసులో నకళ్లు రాసే ఉద్యోగంలో ఆయన కింద చేరాను. అసలు కాగితంలో లేని మాటలు నా నకలులో కనిపించినప్పుడల్లా "నకలు రాయమ్మా, కత రాయకు" అనేవారు. ఆయన పోయాక ఆ సలహా పాటించడం మానేశాను. ఫలితం మీ చేతిలో ఉంది.

ఆ గదిలో పాత కేసులన్నీ ఏడాదినిబట్టి, నంబరునిబట్టి గుడ్డమూటల్లో ఉండేవి. నంబరు తెలిస్తే నిమిషంలో దొరికేది, పేరు చెబితే దొరికేది కాదు. ఇదేం వెనకబాటుతనం అనుకుని, మూడు నెలలు మధ్యాహ్నం టీ మానేసి ముద్దాయిల పేర్లతో ఎ నుంచి జెడ్ దాకా ఒక రిజిస్టరు తయారు చేశాను. బొడొబాబు గారు పేజీలు తిప్పారు.

"అచ్చరాలు ముత్యాల్లాగున్నాయమ్మా. దీంతో ఎవులికి పని?"

"వెతికేవాళ్లకండీ."

"ఎతికేది ఎవులు?"

ఆయన కోప్పడలేదు. రిజిస్టరు నా బల్ల మీదే పెట్టి వెళ్లిపోయారు.

ఆ ప్రశ్నకు జవాబు తనే వెతుక్కుంటూ వచ్చింది. టెర్లిన్ చొక్కా వేసుకున్న ఒకాయనకు గోపాల్‌పూర్‌లో వ్యాను తోలే దండాసి పాత కేసు నకలు కావాలట. (దండాసి అసలు పేరు కాదు. అసలు పేరు రాస్తే బొడొబాబు గారు ఎక్కడున్నా వచ్చి నా పెన్ను లాక్కుంటారు.) నేను రిజిస్టరు తెరిచి రెండు నిమిషాల్లో ఏడాదీ నంబరూ చెప్పేశాను. గంజాయి కేసు. "గవర్నమెంటు ఆఫీసులో ఇంత స్పీడు ఎక్కడా సూడలేదు మేడం" అన్నాడాయన. పొగడ్తకు ఉబ్బి దరఖాస్తు ఫారం కూడా నేనే అందించాను. "ఏ పని నిమిత్తం" అన్న గడిలో ఆయన "జనరల్ నాలెడ్జి" అని రాశాడు.

బొడొబాబు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "జనరల్ నాలెడ్జికయితే రెండు వీదులవతల లైబ్రరీ ఉంది బాబూ."

"ఆడు స్కూలు వ్యాను తోలుతున్నాడండీ. పిల్లల తల్లులకి తెలవొద్దా?"

"తెలవాలంటే స్కూలోలు అడుగుతారు. జడ్జి గారు సూసి సెప్తారు. మజ్జిన నువ్వెవులు?"

ఆయన కాస్త నీళ్లు నమిలి, ఆ వ్యాను కాంట్రాక్టు తనూ అడిగానన్నాడు. బొడొబాబు గారు అదే మాట దరఖాస్తు మీద రాయించి, జడ్జి గారి ఆర్డరు కోసం పంపారు. నకలు ఆగింది, కానీ నంబరు నా నోటి నుంచి అప్పటికే గోపాల్‌పూర్ బజారుకు చేరిపోయింది.

రెండో రోజుకే దండాసి వచ్చాడు. పంతొమ్మిదేళ్లప్పుడు హోటల్లో దిగినవాళ్ల కోసం గుప్పెడు గంజాయి పొట్లం మోశాడు, మూడు నెలలు జైల్లో ఉన్నాడు. అది అప్పటికి పదకొండేళ్ల కిందటి మాట. మాది గంజాం జిల్లా అంటే పైఊళ్లలో గంజాయి గురించే అడుగుతారు గానీ, మా ఇళ్లలో మిగిలేది గంజే. అతని ఇంట్లో అది కూడా ఆ వ్యాను మీదే ఆధారపడి ఉంది.

"బాబూ, ఆ కాయితం సింపీండి. మీ కాళ్లు అట్టుకుంతాను."

"సింపను. దాస్తాను."

"రెండూ ఒకటే కదండీ?"

"ఒకటెలాగయితాది? సింపేస్తే, రేపెవడో నువ్వు పదేళ్లు జైల్లో ఉన్నావంటాడు. కాదు, మూడు నెలలే, అదీ తీరిపోనాదని సూపడానికి నీ కాడ ఏటుంటాది?"

పక్కన కూర్చుని వింటున్న నాకు మన భాష మీద మొదటిసారి గౌరవం కలిగింది. పదిమంది కంట పడకుండా చేయడమూ దాచడమే, పాడవకుండా భద్రం చేయడమూ దాచడమే. ఒక్క మాటలో ఆయన ఉద్యోగమంతా ఇమిడింది.

టెర్లిన్ చొక్కా ఆయన దరఖాస్తును జడ్జి గారు కొట్టేశారు. అయినా బజారు మాటను ఏ ఆర్డరూ కొట్టేయలేదు కదా. అప్పుడు బొడొబాబు గారే దండాసితో, "నీ కేసు నకలు తీసుకునే హక్కు నీకుంది. అట్టుకెల్లి నువ్వే సూపిస్తావా, లేదా, అది నీ ఇష్టం" అన్నారు. ఒక పూటంతా వరండాలో కూర్చుని, సాయంత్రం దండాసి దరఖాస్తు పెట్టాడు. ఆ నకలు నేనే రాశాను, జీవితంలో ఒక్క తప్పూ లేకుండా రాసిన మొదటి కాగితం. అతను తీసుకెళ్లి చూపిస్తే, స్కూలు హెడ్‌మిస్ట్రెస్ చదివి, తేదీ చూసి, "రేపు పొద్దున బండి ఆలస్యం చేయకు" అన్నారట. నా రిజిస్టరును ఆ ఆదివారం పొయ్యిలో పెట్టాను. మూడు నెలల కష్టానికి ఎసరు కూడా సరిగా మరగలేదు.

ఏళ్లు గడిచి ఆ గదికి నేనే పెద్దనయ్యేసరికి కంప్యూటరు వచ్చింది. పేరు కొడితే ఎవరి పాత కేసైనా ఎవరికైనా కనిపించేలా చేస్తామని పైఅధికారులు అన్నారు, నా అభిప్రాయం అడిగారు. శిక్ష తీరిపోయిన చిన్న గంజాయి కేసులు జడ్జి గారి అనుమతి లేకుండా బయటివాళ్లకు తెరుచుకోకూడదని ఒక పేజీ రాశాను. "గంజాం ఆవిడ గంజాయి పక్షం" అని నవ్వారు. నవ్వినవాళ్లే కొన్ని మాటలు మార్చి మా ఆఫీసు వరకు ఒప్పుకున్నారు. మిగతా చోట్ల ఇంకా ఆలోచిస్తున్నారట. ఆలోచించనివ్వండి, నాకూ మూడు నెలల రిజిస్టరు రాశాకే తెలిసింది.

పోయిన నెల గోపాల్‌పూర్ వెళ్తూ దండాసి వ్యాను ఎక్కాను. ఇప్పుడతనికి రెండు వ్యాన్లు. పక్కన కూర్చున్న కొత్త టీచరమ్మ, "ఈయన మీకెలా తెలుసండీ?" అని అడిగింది. అద్దంలో దండాసి కళ్లు ఒక్కసారి నా వైపు తిరిగాయి. ఏదో ఆఫీసు పని మీద కలిశామని చెప్పి, ఆమె ఏ క్లాసుకు చెబుతుందో అడిగాను. ఆమె మూడో తరగతి పిల్లల అల్లరి గురించి చెప్పడం మొదలుపెట్టింది. సముద్రం కనబడే మలుపు దగ్గర దండాసి, "టీచరమ్మా, ఆ పని ఏటో నేను సెప్తాను, ఇనండి" అని బండి వేగం తగ్గించాడు.