నేను ఔట్ కాలేదు

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్ళ పిల్లలతో నాకు గొడవైతే, తప్పెవరిదో అడక్కుండానే మా నాన్న మొదట నా వీపు మీదే ఒకటి వేసేవారు. సొంత పిల్లని వెనకేసుకొచ్చారని ఎవరూ వేలెత్తి చూపకూడదు, అంతే. ఇల్లినాయ్‌లోని అరోరాకి వచ్చినా ఆ పద్ధతి మాత్రం వదల్లేదు. ఎనభైల మొదట్లో అది బేస్‌బాల్ మైదానం దాకా వచ్చింది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. జట్టులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. కోచ్ నన్ను ఎప్పుడూ బెంచీ మీదే కూర్చోబెట్టేవాడు. ఆ వేసవి చివరి ఆటలో ఆడించి చూస్తాననీ, పనికొస్తేనే వచ్చే ఏడు ఉంచుకుంటాననీ మొహం మీదే చెప్పాడు. మా ఆటలకి పెద్దవాళ్ళే వంతులవారీగా అంపైర్లుగా నిలబడేవారు. ఆ రోజు బ్యాటర్ వెనక మా పక్కింటి అమెరికన్ అంకుల్, బంతి కొట్టినవాళ్ళు ముందుగా పరుగెత్తి చేరాల్సిన మెత్త, మొదటి బేస్ దగ్గర మా నాన్న.

చివర్లో మేం ఒక్క పరుగు వెనకున్నాం. మూడో బేస్ దగ్గర మావాడొకడు ఉన్నాడు. నేను మొదటి బేస్ చేరితే వాడి పరుగుతో స్కోరు సమం, ఔటైతే ఆట అయిపోయినట్టే. బంతి కొట్టి ప్రాణం పెట్టి పరుగెత్తాను. ఆ బేస్ దగ్గర కాపున్న అవతలి జట్టువాడు బంతి అందుకోడానికి పక్కకి వంగేసరికి వాడి కాలు బేస్ మీంచి లేచిపోయింది. బంతి అందినప్పుడు వాడి కాలు బేస్‌కి ఆని ఉంటేనే నేను ఔట్. లేవడం నా కళ్ళారా చూశాను. మా నాన్న వాడి వీపు వైపున్నారు, ఆయనకి కనపడలేదు. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు విని ఔట్ అంటూ పిడికిలి ఎత్తేశారు.

కోచ్ పరుగున వచ్చి, రెండో అంపైర్‌ని ఒక్కమాట అడగమని బతిమాలాడు. అడగందే ఆయన నోరు విప్పకూడదని రూలు. అంకుల్ మాస్క్ తీసి మా నాన్న వైపే చూస్తూ నిలబడ్డారు. అవతలివాళ్ళు అప్పటికే, కూతురు కదా, మార్చేస్తాడులే అని అరుస్తున్నారు. మా నాన్న అంకుల్ వైపు తలే తిప్పలేదు. ఆయన్ని అడగండి నాన్నా అని నేను అరిస్తే, నోర్ముయ్ అన్నారు.

ఆట అయిపోయాక కార్ల దగ్గర నేనే వెళ్ళి అంకుల్‌ని అడిగాను. కాలు లేచిందనీ, మీ నాన్న అడిగుంటే చెప్పేవాణ్ణనీ అన్నారు. మా నాన్న పక్కనే ఉన్నారు. ఒళ్ళు మండిపోయి ఆయన వైపు తిరిగాను.

"వాళ్ళు ఏమన్నా అంటారని భయపడ్డారు. నన్ను కొట్టడానికి మాత్రం ఎప్పుడూ భయపడలేదు."

చెంప పగులుతుందనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి మైదానంలోకి వెళ్ళిపోయారు. రెండు జట్లూ హాట్‌డాగ్‌లు తింటున్న చోట నిలబడి, తన ఇంగ్లీషులో, నేను తప్పు చెప్పాను, నా కూతురు కాబట్టే అడగలేదు అని అందరికీ చెప్పారు. ఒక్కరూ మెచ్చుకోలేదు. ఇప్పుడు స్కోరు మార్చమంటావా అని అవతలివాళ్ళు ఎగతాళి చేశారు. ఇప్పుడు చెప్పి ఏం లాభం అని మావాళ్ళు తిట్టారు. స్కోరు మారలేదు. మరుసటి ఏడు జట్టులో నా పేరు లేదు.

ఆ తర్వాత మా ఇంట్లో పిల్లల గొడవైనప్పుడు మా నాన్న చెయ్యి లేవలేదు. ఎవరు చూశారని ముందు అడిగేవారు. నా పిల్లల దగ్గరా, ఇప్పుడు మనవల దగ్గరా నేనూ అదే అడుగుతున్నాను. చెప్పేవాళ్ళు పక్కింటి పిల్లలైనా సరే, వింటాను.

క్షమించానా అంటే, లేదు. ఆయన పోయే ముందు ఏడాది ఆ ఆట మాటొస్తే, అడగాల్సిందమ్మా అన్నారు. అవును నాన్నా, అడగాల్సింది అన్నాను.