మీటరు తిరగని ఇల్లు

మా పక్కింటి క్లైవ్ ఇంగ్లండులో మంటలార్పే దళంలో పనిచేసి, ఆ పింఛనుతో బతకడానికి అలికాంతె కొండల్లోని మా స్పానిష్ పల్లెకు చేరాడు. ఒక రోజు సారా దుకాణంలో ఎవరో అతని దేశంవాడే లేనిపోని భయం ఎక్కించాడు. ఏడాదిలో సగానికి మించి ఇక్కడుంటే ఇక్కడి పన్నులవాళ్లు పింఛను మీద పడతారనీ, ఉన్నదీ లేనిదీ కరెంటు మీటరు చూసి పట్టేస్తారనీ, జరిమానా కట్టలేకపోతే ఇల్లు పోతుందనీ.

అంతే. ఏటా అక్టోబరు రాగానే స్వదేశం వెళ్తున్నానని అందరికీ చెప్పి, కారు వేరే ఊళ్లో వదిలి, నడిచొచ్చి ఇంట్లో దూరేవాడు. తెరలు దించి, కరెంటు కట్టేసి, ఎండలొచ్చేదాకా చీకట్లో వణుకుతూ కూర్చునేవాడు. వెనక గోడ మీంచి కుందేలు మాంసం వేసి వండిన అన్నం అందించే నాకొక్కదానికే ఆ సంగతి తెలుసు.

"మంటల్లోకి దూకినవాడివి, కాగితానికి భయమేంటయ్యా? తెలిసినవాణ్ని అడగరాదూ?" అనేదాన్ని.

"మెల్లగా, రెమె! మంటలు జరిమానా వెయ్యవు. అడిగితే ఇక్కడున్నట్టు తెలిసిపోదూ?"

అతనిది సర్కారు కొలువు. అలాంటి పింఛనుకు పన్ను వాళ్ల దేశంలోనే కడతారనీ, ఇక్కడ వివరం రాసిస్తే చాలనీ నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో అతని భయం నాకూ అంటుకుంది. పోస్టుమాన్ వీధిలోకొస్తే చాలు, అతని తలుపు దగ్గర ఆగుతాడేమోనని డాబా ఎక్కి చూసేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుంటే, అతని వీధి తలుపు దగ్గర డ్రిల్లు చప్పుడైంది. డాబా మీంచి చూశాను. ఎవరో మొగుడూ పెళ్లాం, పక్కన ఒక పరుపు. ఖాళీ ఇల్లు కనిపిస్తే తాళం మార్చి కాపురం పెట్టేసే రకం. తలుపుకు అవతల క్లైవ్ ఉన్నాడు. అరుస్తాడని చూశాను, అరవలేదు. పోలీసులకు ఫోన్ చేశాను.

పోలీసు వచ్చేసరికి వాళ్లు ముందుగదిలో పరుపు పరిచేశారు. క్లైవ్ వెనక గోడ దిగి మా ఇంట్లోకొచ్చేశాడు. చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాను. "ఇంటివాడు ఇతనే," అన్నాను పోలీసుతో.

"ఇక్కడెవరూ ఉండట్లేదు సార్. మీటరు చూసుకోండి, తిరగనే తిరగట్లేదు," అంది తాళం మార్చినవాడి పెళ్లాం ధీమాగా.

పోలీసు క్లైవ్ వైపు తిరిగాడు. "చూడండి పెద్దాయనా, ఇక్కడ మీరు కాపురముంటున్నారంటే వీళ్లని ఇప్పుడే బయటికి పంపేస్తా. ఖాళీ ఇల్లంటే మాత్రం కోర్టుకెళ్లాల్సిందే, ఏళ్లు పడుద్ది. ఇంతకీ ఎవరైనా ఉంటున్నారా?"

"లేదు," అన్నాడు క్లైవ్. "ఎవరూ ఉండట్లేదు."

"నీ మొహం మండ! ఇల్లు పోతుందయ్యా!" అని అరిచాను.

నా వైపు చూశాడు. మనిషి కళ్లలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

"ఉంటున్నాను," అన్నాడు చివరికి. "ఏడాదంతా ఇక్కడే ఉంటున్నాను."

ఆ మాట అని, రెండు చేతులూ దగ్గరగా చేర్చి, బేడీలు వెయ్యమన్నట్టు పోలీసు ముందుకు చాచాడు.