యాదగిరి ఉమ్మేయని బీరు

ఈ సాయంత్రం నేను చేసిన బీరు యాదగిరి తాగాడు. మా శామీర్‌పేటలో తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. పులిసినదాని మంచిచెడ్డలు ఆయనే చెప్పాలి.

రాగులు మొలకెత్తించి ఇంట్లో బీరు చేయడం నాకిది రెండోసారి. మొదటిసారి మా ఆవిడ ఆవకాయ జాడీలో పులియబెట్టాను. ఎంత కడిగినా బీరుకు ఆవకాయ వాసనే వచ్చింది. యాదగిరి ఉమ్మేశాడు. ఈసారి కొత్త గాజు సీసా వాడాను.

గ్లాసు అందుకోగానే నాలుగు చుక్కలు నేల మీద పోశాడు.

"మళ్లీ పారబోస్తున్నావా?" అన్నాను.

"సాక పోసిన సారూ. పోయినోళ్లకు పొయ్యకుండ మనమెట్ల తాగుతం? ఎట్ల గుదిరిందో అమ్మకు గూడ తెల్వాలె గద." గుటక వేసి, గ్లాసు మళ్లీ నా ముందుకు చాపాడు. "మస్తుగున్నది. ఇంకింత పొయ్యుండ్రి."

నాకు పెరుగు తోడుపెట్టడం కూడా రాదని మా ఆవిడ అందరికీ చెప్పి నవ్వేది. ఆమె పోయి ఏడాదైంది. యాదగిరి మూడు గ్లాసులు తాగాడు, మూడుసార్లూ ముందు ఆమెకు పోశాడు.

ఇంట్లో బీరు చేసినవాళ్లుంటే మీ అనుభవం రాయండి. జాడీలో ఆవకాయ వాసన పోగొట్టే చిట్కాలు మాత్రం వద్దు.