అరంగుళం తక్కువ కుర్చీలు

మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది, చెయ్యి మాత్రం నిదానం. ముప్పై ఏళ్లుగా కుర్చీలు చేస్తున్నాడు. ఎవరికీ కనపడని కాళ్ల అడుగుకు కూడా పాలిష్ పట్టందే పని అప్పగించడు. ఇదేం చాదస్తమని పెళ్లాం నవ్వితే, తలకిందులు చేసి చూసేవాడు ఎక్కడో ఒకడుంటాడే అనేవాడు.

అలాంటి మనిషికి శాంతి చర్చల కుర్చీల పని వచ్చింది. తొమ్మిదేళ్ల పోరు ఆపాలని మూడు దేశాలు పూనుకున్నాయి. రెండు పక్షాలనూ ఒక్క గదిలోకి తేవడానికే వాళ్లకు రెండేళ్లు పట్టింది. మధ్యవర్తిగా వచ్చిన విదేశీ ఆవిడ మేస్త్రిని కోరింది ఒక్కటే: పన్నెండు కుర్చీలూ ఒకే ఎత్తు ఉండాలి. మొదటి రోజు తేల్చేది బందీల సంగతి. తాము వదలబోయేవాళ్ల జాబితాలు ఇరుపక్షాలూ తెస్తాయి, సంతకాలైతేనే విడుదల. మేస్త్రి తమ్ముణ్ణి కొండ అవతలివాళ్లు పట్టుకుపోయి పదకొండు నెలలైంది. బతికున్నాడో లేడో తెలియదు. కబురేమైనా వచ్చిందా అని తల్లి రోజూ అడుగుతూనే ఉంది.

అయినా బుద్ధి గడ్డి తింది. చర్చల ముందురోజు, అవతలివాళ్లకని పక్కన పెట్టిన ఆరు కుర్చీలు చూడగానే మేస్త్రికి ఒళ్లు మండింది. తమ్ముణ్ణి ఎత్తుకుపోయినవాళ్లకు సమానంగా పీట వెయ్యాలా? రంపం తీసి ఒక్కో కాలూ అరంగుళం కోసేశాడు. మావాళ్ల ముందు కాస్త కిందనే కూర్చోనీ అనుకున్నాడు. ఆ కోపంలో పాలిష్ మాటే మరిచాడు.

మర్నాడు, ఏ కుర్చీ అయినా కిర్రుమంటే చూడమని అతణ్ణి గది మూల నిలబెట్టారు. అందరూ కూర్చున్నారు. అవతలి పక్షానికి పెద్ద, నెరిసిన గడ్డం ఆయన, ఎదుటివాళ్ల వంక చూశాడు. బల్ల మీద తన మోచేతుల వంక చూసుకున్నాడు. లేచి కుర్చీ తలకిందులు చేశాడు. కాళ్ల చివర తెల్లటి పచ్చి కోత.

ఆయన అరవలేదు. ఇలా అవమానించడానికే పిలిచారా అని ఇవతలివాళ్లను అడిగి, కాగితాలు సర్దుకున్నాడు. మాకేం తెలీదని వాళ్లన్నారు, ఎవరు నమ్ముతారు? మధ్యవర్తి ఆవిడ తలుపు దగ్గర నిలబడి దుబాసీ చేత బతిమాలించింది. ఆయన వినలేదు. నోరు విప్పితే తమ్ముడి మీద కక్ష తీర్చుకుంటారేమో, విప్పకపోతే తమ్ముడు రానే రాడు. నా చేతులు పడిపోను అనుకున్నాడు మేస్త్రి.

"నేనే కోశానయ్యా," అన్నాడు ముందుకొచ్చి. "వీళ్లెవరికీ తెలీదు."

"ఎందుకు?" అన్నాడు గడ్డం ఆయన.

"మా తమ్ముడు మీ దగ్గరున్నాడు. కడుపుమంట కొద్దీ చేశాను."

ఆయన తలకిందులైన కుర్చీ చూపించి, కోసినదాన్ని మళ్లీ పెంచగలవా అని అడిగాడు. పెంచలేనని, కావాలంటే ఇవతలి ఆరూ తగ్గిస్తానని మేస్త్రి అన్నాడు. ఇవతలి నాయకుడు ముఖం మాడ్చుకున్నాడు గానీ, ఆవిడ చూపు పడేసరికి లేచాడు. తక్కిన ఐదుగురూ లేచారు.

మేస్త్రి సంచీలోంచి రంపం తీసి నేల మీద కూర్చున్నాడు. పన్నెండుమందీ నిలబడి చూస్తున్నారు. మూడో కుర్చీ సగంలో ఉండగా గడ్డం ఆయన దగ్గరకొచ్చి తమ్ముడి పేరూ ఊరూ అడిగాడు. తలెత్తకుండానే చెప్పాడు. పైన కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది. రంపం ఆగిపోయింది.

"రెండో పేజీలో ఉన్నాడు," అన్నాడు ఆయన. "సంతకం పెట్టాలంటే ముందు మేం కూర్చోవాలి. కానివ్వు."

ఇంకా పద్నాలుగు కాళ్లు మిగిలాయి.